పాటకు సెలవు, మాటకు నిషేధము

బెంగుళూరు నగరమున 2001వ సంవత్సరము జూలై 3వ తేదీని రేడియో సిటీ యను ప్రసారకేంద్రము ప్రారంభమైనది. మన దేశమున ప్రైవేటువారు సొంత లైసెన్సుతో నడిపిన ఎఫ్.ఎం. కేంద్రములలో నిదియే మొదటిది. అంతకు ముందు 1993 మొదలు 1998 వఱకు ఆకాశవాణివారు కొన్ని నగరములలో తమ ఎఫ్.ఎం. వేళలను ప్రైవేటువారికి బాడుగకిచ్చిరి గాని, యిల్లు మాత్రము సర్కారుదిగనే యుండెను. బెంగుళూరున వేఱింటి కాపురము మొదలైనది.

ఈ మార్పునకు వెనుక నొక తీర్పు గలదు. 1995వ సంవత్సరమున బెంగాలు క్రికెట్టు సంఘము వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు ఆకాశతరంగములు ప్రజల సొత్తని నిర్ణయించిరి. అవి ప్రభుత్వమునకు గాని వర్తకులకు గాని గుత్తసొత్తు కారాదనియు, స్వతంత్రమగు ప్రజాసంస్థ యొకటి వానిని లోకహితమునకై పాలింపవలెననియు నా తీర్పు సారాంశము.

తీర్పు విని ప్రభుత్వమువారు చేసినదేమి? ప్రజల సొత్తును వేలమునకు పెట్టిరి. 40 నగరములలో 108 కేంద్రములకు పాట జరిగినది. రుసుము ఏటేట నూటికి 15 వంతున పెరుగవలెనని షరతు. ఉత్సాహమున హెచ్చుపాట పాడినవారు పలువురు వెనుదిరిగిరి. తుదకు నిలిచినవి 12 నగరములలో 21 కేంద్రములు. వానిలో తెలుగునాట విశాఖపట్టణ మొక్కటియే. హైదరాబాదు 2006వ సంవత్సరము వఱకు వేచియుండవలసి వచ్చెను.

ఏ కేంద్రము విన్నను ఆ పది సినిమాపాటలే తిరుగుచున్నవని విసుగుకొనువారు ఈ లెక్కను గూడ చూడవలెను. రాబడి యున్నను లేకున్నను రుసుము పెరుగుచున్నప్పుడు, ఎల్లరును మెచ్చినదని తేలిన పాటను విడిచి త్యాగరాజ కృతినో, బుఱ్ఱకథనో వినిపించు సాహసము ఏ వర్తకుడు చేయును? 2005వ సంవత్సరమున ప్రభుత్వమువారు తప్పు గ్రహించి, రాబడిలో నూటికి 4 వంతుల పద్ధతిని తెచ్చిరి. భారము తగ్గినది గాని, యలవాటు పోలేదు. తెలుగు వాక్యమునకు ఇంగ్లీషు తలయు తోకయు తగిలించి గడగడలాడు వ్యాఖ్యాతల భాషయు నా యలవాటులోనిదే. అది వేఱొకనాటి మాట.

మాకు గల పెద్ద యాక్షేపణ యిది. ఈ కేంద్రములకు సొంత వార్తలు చెప్పు హక్కు నీయలేదు. 2011వ సంవత్సరపు విధానమున దొరకిన సడలింపు, ఆకాశవాణి వార్తలను అక్షరము మార్చక తిరిగి వినిపించుట మాత్రమే. వాహనముల రద్దీ, వాతావరణము, పరీక్షాఫలితములు, నీళ్లు, విద్యుత్తు మొదలగువాని ప్రకటనలు వార్తలు కావని యొక పట్టిక వ్రాసి యిచ్చిరి. అనగా రేపు కొళాయికి నీరు రాదని చెప్పవచ్చును. ఎందులకు రాదో పురపాలకుల నడుగరాదు! దేశభద్రత కొఱకని సమాధానము చెప్పుదురు. రాత్రింబవళ్లు వార్తలు ఘోషించు టెలివిజనువలన రాని ముప్పు, బందరులోని మురుగుకాల్వను గూర్చి రేడియో మాటాడినంతనే వచ్చునా? పత్రికల కీ సంకెల లేదు. పరువునష్టపు చట్టమును, శిక్షాస్మృతియు అందఱికిని ఉండనే యున్నవి.

2024వ సంవత్సరము ఆగస్టు నెలలో కేంద్ర మంత్రివర్గమువారు మఱి 234 పట్టణములలో 730 కేంద్రములకు వేలము వేయ నిశ్చయించిరి. ఆంధ్రప్రదేశమున 22 పట్టణములకు 68, తెలంగాణమున 10 పట్టణములకు 31 కేటాయించిరి. కాకినాడ, బందరు, కర్నూలు, ఖమ్మము, నల్లగొండ యీ పట్టికలోనివే. మాతృభాషలో స్థానిక విషయములు వినిపించుటయే తమ యుద్దేశమని ప్రకటించిరి. స్థానిక విషయమనగా నేమి? ఆ యూరి సంతధరలు, ఆసుపత్రి తీరు, పురపాలకసభ చర్చలు కావా? వీనిని నోట పలుకనీయక ఖమ్మమునకు మూడు కేంద్రము లిచ్చినను ఒకే పాట మూడు చోట్ల మ్రోగును. లైసెన్సుపత్రములనుండి వార్తానిషేధపు షరతును కొట్టివేసి, పత్రికలకు గల బాధ్యతనే రేడియోలకును విధింపవలెనని మేము కోరుచున్నాము. ఆంధ్ర, తెలంగాణ పార్లమెంటు సభ్యులు పార్టీభేదము లేక ఈ ప్రశ్నను సభలో లేవనెత్తవలెను.