‘బాగా నల్లగా కొట్టన్నా!’

మీ ఊరి స్టూడియో పనితనం తెలియాలంటే లేపాక్షి బసవన్న ఫోటో ఇచ్చి బ్లాక్ అండ్ వైట్ ప్రింటు అడగండి. బూడిద రంగు ఏకశిల, మెడలో గంటల పేట, పొట్ట కింద చిక్కటి నీడ. రాయికి రవ్వంత ఆకుపచ్చ ఛాయ తగిలినా, నీడ మసిబారినా దాచడం ఎవరి తరమూ కాదు. పెనుకొండ గగన్ మహల్ కమానుల లోపలి చీకటిదీ ఇదే పరీక్ష.

హిందూపురంలో బ్లాక్ అండ్ వైట్ ప్రింటంటే చాలావరకు పోయిన పెద్దవాళ్ళ పాత ఫోటోనే. ‘దండ వేయాల, బాగా నల్లగా కొట్టన్నా’ అంటారు. స్టూడియో ఆయన ఇంకు పెంచుతాడు. అవ్వ కొప్పూ వెనక గోడా కలిసి ఒకటే ముద్ద!

రాయికి తగిలే ఆ ఆకుపచ్చ ఎక్కడిది? ఆరు రంగుల ఇంకుట్యాంకు ప్రింటర్లు చాలావాటిలో నలుపు ఒక్కటే, బూడిద ఇంకు ఉండదు. లేత బూడిదకు నల్లచుక్కలే వాడితే ముఖం గరుకుగా వస్తుంది. అందుకని యంత్రం సయాన్, మెజెంటా, పసుపు కలిపి బూడిద రంగు పుట్టిస్తుంది. పాళ్ళు కొంచెం తప్పితే చాలు, ఆకుపచ్చ తగులుతుంది. పాళ్ళు కుదిరినా, లైటు కింద బాగున్న ఫోటో ఎండలోకి తెచ్చేసరికి రంగు మారవచ్చు. 2005లో ఎప్సన్ మూడు స్థాయిల నలుపుతో కే3 ఇంకులు తెచ్చాక ఈ తంటా చాలా తగ్గింది. కానీ ఆ ప్రింటర్ల ధర చిన్న స్టూడియోకు అందదు.

ముద్దకట్టడం వేరే జబ్బు. ధర్మవరంలో పట్టునూలుకు రంగు వేసేవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు: నూలు పట్టినంతే పడుతుంది, మిగిలిన రంగు కడుగునీళ్ళ పాలు. ఫోటో కాగితానికి కడుగుడు లేదు కదా, మిగిలిన ఇంకు పైనే నిలిచి నీడలను మింగేస్తుంది. ఎంత ఇంకు వదలాలో ప్రింటరుకు తెలిసేది మనం ఎంచిన కాగితం రకాన్ని బట్టే. గ్లాసీ పెట్టి మ్యాట్ అని నొక్కితే లెక్క అక్కడే తప్పింది. తిట్లు మాత్రం కాగితం కంపెనీకి!

తెలుపు నుంచి నలుపు దాకా 21 మెట్ల పట్టీ ఒకటి ప్రింటు తీసి, ఆరనిచ్చి, చివరి మెట్లు విడివిడిగా కనిపించేదాకా ఇంకు తగ్గిస్తే సరిపోతుంది. ఖర్చు రెండు మూడు చిన్న కాగితాలు. ఆ మాత్రం ఓపిక లేకుండా పెద్ద ఫోటోకు డబ్బు తీసుకోవడం అన్యాయం.

డబ్బులిచ్చే ముందు ఫోటోను బయటి వెలుతురులోకి తెచ్చి చూడండి. కొప్పు ఎక్కడ ముగిసి గోడ ఎక్కడ మొదలైందో తెలియకపోతే, ఇంకు తగ్గించి మళ్ళీ వేయమనండి.