ఇంటితోట: కస్తూరి స్ట్రాబెరీ

విదేశముననున్న కుమారుడు పంపిన చిత్రమును చూచి ఒక సోదరీమణి మాకు జాబు వ్రాసినారు. అచ్చటి తోటలలో కస్తూరి స్ట్రాబెరీ యను పండు గలదట. నాలుగు పండ్లు పళ్ళెములో నుంచినచో గదియంతయు గుబాళించునట. దానిని హైదరాబాదులో కుండీలయందు పెంచుట యెట్లో తెలుపుడని వారి కోరిక. కస్తూరి పసుపును, కస్తూరి బెండను ఎరిగిన మనకు ఆ పేరు వినగానే ఆశ పుట్టుట సహజమే. కాని యున్నమాట ముందుగనే చెప్పుట మేలు. ఈ మొక్క ఐరోపా ఖండపు అడవులలోనిది. మంచు కురియు శీతకాలమును గడపి, వసంతమున పూచుట దాని స్వభావము. మన నాంపల్లిలో పుష్యమాసపు చలి దానికొక చలి కాదు. ఏప్రిలు, మే నెలలలో నలువది డిగ్రీలను దాటు ఎండకు అది నిలువజాలదు. ఇటలీ దేశమున తొర్తోనా యను నూర నేటికిని దీనిని పెంచుచున్నారు. పండు మిక్కిలి మెత్తన యగుటచే దూరప్రయాణమునకు ఓర్వదు. కావున సోదరి దీనికై ధనము వెచ్చింపవలదని మా మనవి.

అయినను ఈ మొక్క చరిత్రలో మన స్త్రీలు వినదగిన ముచ్చట యొకటి కలదు. దానికి ముందు మా వరండా సంగతి చెప్పవలెను.

చలికాలము రాగానే అబిడ్సు వీథులలోను, మొజంజాహి మార్కెట్టు పరిసరములలోను మహాబలేశ్వరపు స్ట్రాబెరీలు చిన్న చిన్న పెట్టెలలో వచ్చును. పైవరుస యెర్రగా నిగనిగలాడును. అడుగువరుస సంగతి యింటికి వచ్చి విప్పినపిమ్మటగాని తెలియదు. ఈ బాధ పడలేక, కొన్ని యేండ్ల క్రిందట అక్టోబరులో ఆరు మొక్కలు కొని తెచ్చి మేడమీది వరండాలో కుండీల నుంచితిమి. ఇవి కస్తూరిజాతివి కావు. అంతట దొరకు సాధారణ జాతివే. దోమల భయముచే ఆ వరండాకు నిలువునను సన్నని జాలి కొట్టించియుంటిమి. డిసెంబరు నాటికి తెల్లని యైదురేకుల పువ్వులు విరివిగా పూచినవి. మా సంతోషమునకు మేర లేదు. కాని వారము తిరుగకుండ పువ్వుల నడిమి బొడిపెలు ఎండిపోవ నారంభించెను. ఒకటి రెండు కాయలు నిలిచినను అవి వంకరలు పోయి, ఒకవైపు ఉబ్బి ఒకవైపు ముడుచుకొని, చూచుటకే జాలి గొల్పుచుండెను.

ఆ దినములలో ప్రక్కయింటి పెద్దమ్మగారు కోడలితో కూడ మా యింటికి వచ్చిరి. కుండీలవంక చూచి ఆమె, "గొడ్డుచెట్లకు నీళ్ళెందుకు పోస్తున్నవు బిడ్డా? పీకి పారెయ్యరాదూ" అనిరి. ఆ మాటలో మామీద ప్రేమయే కాని వేరొకటి లేదు. కాని వివాహమై ఆరేండ్లైనను కడుపు పండని ఆ కోడలు చేతిలోని కాఫీ గ్లాసును క్రింద నుంచి, మెట్లు దిగి వెడలిపోయెను. మేమును ఏమియు అనక ఊరకుంటిమి. ఆ యూరకుండుట నేటికిని మాకు సిగ్గుగనే యున్నది.

మరునాడు మావారు పాఠశాలనుండి భూతద్దము నొకదానిని తెచ్చిరి. పువ్వును దానిక్రింద పరికించిన పిమ్మట మొక్కయం దేదోషమును లేదని తేలినది. ఈ సాధారణ జాతి పువ్వులో చుట్టును పుప్పొడి నిచ్చు పసుపుపచ్చని కేసరములును, నడుమ బొడిపెపై సన్నని కీలములు పెక్కులును గలవు. మనము పండు పైతోలుమీద చూచు గింజలవంటివి యున్నవే, శాస్త్రరీత్యా అవియే నిజమైన పండ్లు. మనము తిను ఎర్రని గుజ్జు పువ్వు కూర్చుండిన పీఠము ఉబ్బినది మాత్రమే. పుప్పొడి సోకిన ప్రతి కీలమును తన చుట్టునున్న గుజ్జును పెంచుకొనును. సోకనిచోట గుజ్జు పెరుగక పల్లముగనే నిలుచును. పండు వంకరపోవుటకు ఇది ముఖ్యకారణము. పుప్పొడిని చేర్చవలసినవి తేనెటీగలు, గాలియు. దోమ దూరని జాలిలోనుండి తేనెటీగ యెట్లు వచ్చును? గాలియైనను మందగించెను. తప్పు మేము కొట్టించిన జాలిది. పేరు మొక్కకు వచ్చినది.

ఇప్పుడు కస్తూరి స్ట్రాబెరీ ముచ్చట. ఈ జాతిలో సహజముగా ఆడుమొక్క వేరు, మగమొక్క వేరు. పూర్వము ఐరోపాలోని తోటమాలులు ఈ సంగతి నెరుగక, కాయలు కాయని మగమొక్కలను గొడ్డువని పీకి పారవేయుచుండిరి. పిమ్మట మిగిలిన ఆడుమొక్కలును కాయుట మానుచుండెను! ఇట్టిదే మరియొకటి జరిగినది. 1714లో ఫ్రెజియే యను ఫ్రెంచి ఇంజనీరు చిలీ దేశమునుండి పెద్దపండ్లు కాయు స్ట్రాబెరీ మొక్కలను స్వదేశమునకు గొనిపోయెను. బాగుగ కాయుచున్న మొక్కలనే ఏరి తెచ్చుటచే అవి యన్నియు ఆడువే యయ్యెను. కావున ఫ్రాన్సులో అవి యేపుగా పెరిగియు కాపు చూపలేదు. తుదకు 1764లో, ఇరువదియేండ్లైనను నిండని ద్యుషేన్ అను యువకుడు ఆ చిలీ మొక్కల పువ్వులకు కస్తూరి స్ట్రాబెరీ పుప్పొడిని సోకించి, కాచిన పెద్దపండ్లను పదునైదవ లూయీ రాజునకు సమర్పించెను. ఏబదియేండ్లు గొడ్డువనిపించుకొనిన మొక్కలవి.

ఈ కథను మేము ప్రక్కయింటికి పోయి పెద్దమ్మగారికే చెప్పితిమి. ఆమె సగము విని, "మొక్కల సంగతి మనుషులకెందుకు" అని లేచిపోయిరి. కోడలు మాత్రము పూర్తిగా వినెను. బిడ్డలు కలుగకుండుటకు కారణము భార్యయందుండవచ్చును, భర్తయందుండవచ్చును, ఇరువురియందు నుండవచ్చును. పరీక్ష ఇరువురికిని జరుగవలెనని నేడు వైద్యులందరును చెప్పుచున్నారు. ఒక్కతెనే ఆస్పత్రుల చుట్టు త్రిప్పుచున్న యిండ్లు మన వీథులలో ఇంకను ఎన్ని లేవు!

సాధారణ స్ట్రాబెరీని పెంచదలచువారికి మా యనుభవమిది. అక్టోబరు రెండవ పక్షమున నాటవలెను. ఎర్రమట్టి రెండుపాళ్ళు, బాగుగ చివికిన పశువుల యెరువు ఒకపాలు, కొబ్బరిపొట్టు ఒకపాలు చాలును. ఆకులన్నియు పుట్టు మొదలు మట్టికి సమముగా నుండవలెను. లోతుగ పూడ్చినచో కుళ్ళును, పైకి తేలినచో ఎండును. మా మొదటి ఆరింటిలో రెండు ఇట్లే పోయినవి. ప్రొద్దుటి యెండ ఐదారు గంటలు తగులవలెను. మన బోరునీటిలోని ఉప్పులు దీనికి సరిపడవు. లేతాకులు పచ్చబారి ఈనెలు మాత్రమే ఆకుపచ్చగ మిగిలినచో నీటినే అనుమానింపుడు. కుళాయినీరో, పట్టియుంచిన వాననీరో శ్రేష్ఠము.

పువ్వు విచ్చిన పిమ్మట తేనెటీగలు రానిచోట, బొమ్మలు వేయు మెత్తని పొడికుంచెను ప్రొద్దు పదిగంటలవేళ కేసరములచుట్టును త్రిప్పి, నడిమి బొడిపెయంతటను మెల్లగ రాయవలెను. వరుసగ రెండు మూడు దినములు ఇట్లు చేయుడు. నెలనాళ్ళకు పండు ఎర్రబారును. క్రింద వరిగడ్డి పరచినచో మట్టి అంటదు. పూర్తిగ ఎర్రబడినపిమ్మటనే తొడిమతో కోయవలెను. కోసియుంచినచో రంగు తిరుగునేగాని తీపి పెరుగదు. కాపుకాలమున గరికవలె ప్రాకు తీగలను త్రుంచివేయుడు. ఫిబ్రవరి దాటినపిమ్మట ఒకటి రెండింటిని వదలి, వాని కణుపులను చిన్నకుండీలలో మట్టికి ఆనించినచో మూడు నాలుగు వారములలో వేరు పట్టి కొత్తమొక్క లగును. వేసవిలో ఉత్తరపుగోడ నీడను ఉంచినను సగము చచ్చును, దానికి దిగులుపడవలదు.

ఆ యేడు మిగిలిన నాలుగు కుండీలకును కుంచె పట్టినది ఆ కోడలే. జనవరిలో, నుమాయిష్ జరుగు దినములలో, పదునొకండు పండ్లు కాచినవి. మార్చిలో ఆమె రెండు పిల్లమొక్కలను అడిగి తీసికొనిపోయి, జాలి లేని తమ డాబామీద నుంచుకొనెను. మావారు భూతద్దమును పాఠశాలకు మరల నీయలేదు. అది ఇప్పుడు ఆమె యొద్దనే యున్నది.