షేర్ల ఆట: తిజారత్ పాఠమా? జూదపు పాఠమా?

అర్థశాస్త్రం బోధించడానికి కొన్ని హైస్కూళ్లలో కంప్యూటర్ మీద షేర్ల ఆట ఆడిస్తున్నారు. పిల్లవాడికి లక్ష రూపాయల ఉత్తుత్తి డబ్బు ఇస్తారు. దానితో నిజమైన కంపెనీల వాటాలు కొనాలి, అమ్మాలి. నెల తిరిగేసరికి ఎవరి డబ్బు ఎక్కువ పెరిగితే వారే విజేత. అమెరికా బడుల్లో ఇలాంటి పోటీ 1977 నుంచే ఉంది.

"మౌల్వీసాబ్, మా అబ్బాయిని ఇందులో చేర్పించవచ్చా?" అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతున్నారు.

వాటా కొనడమంటే వ్యాపారంలో భాగస్వామి కావడమే. భాగస్వామ్య వ్యాపారం ఇస్లాంకు కొత్త కాదు. దైవప్రవక్త (స) స్వయంగా హజ్రత్ ఖదీజా (రజి) గారి సరుకుతో షామ్ దేశానికి వెళ్లి వ్యాపారం చేశారు. అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి, వడ్డీని నిషేధించాడని బఖరా సూరా తెలుపుతోంది. మాయిదా సూరా జూదాన్ని నిషేధించింది. కనుక పాఠంలో తప్పు లేదు. చిక్కంతా ఆడించే తీరులోనే ఉంది.

నెల రోజుల్లో గెలవాలనుకునే వాడికి కంపెనీ గురించి తెలుసుకునే తీరిక ఎక్కడిది? ఇలా గెలిచిన పదో తరగతి విద్యార్థి ఒకణ్ణి, "ఆ కంపెనీ ఏం తయారు చేస్తుంది బేటా?" అని అడిగాం. "తెలియదు సార్, ధర పెరుగుతోందని కొన్నాను" అన్నాడు. కొన్ని ఆటల్లో చేతిలో లేని వాటాను ముందుగానే అమ్మవచ్చు కూడా. తన వద్ద లేని సరుకు అమ్మరాదని హదీసు హెచ్చరిస్తోంది.

పోయేది ఉత్తుత్తి డబ్బే కదా అంటారు. డబ్బు ఉత్తుత్తిదే, అబ్బే అలవాటు మాత్రం నిజమైనది. ఆ అలవాటు ఎక్కడికి చేరుస్తుందో సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించిన అధ్యయనం చూపింది. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారంలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. పోయిన సొమ్ము 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది.

అలాగని పిల్లల్ని ఈ విద్యకు దూరం చేయడం సబబు కాదు. ఉపాధ్యాయులకు మా మనవి ఒక్కటే. లాభానికి మార్కులు వేయకండి, కారణానికి వేయండి. కంపెనీ ఏం అమ్ముతోంది, అది హలాలేనా, అప్పెంత, ఎందుకు కొన్నావు అని నోటుబుక్కులో రాయించండి. ఆటను విద్యా సంవత్సరమంతా నడపండి. దీనికి యాప్‌లు అక్కర్లేదు. అనధికార ఉత్తుత్తి ట్రేడింగ్ యాప్‌ల జోలికి వెళ్లవద్దని సెబీ కూడా 2024 నవంబరులో హెచ్చరించింది. వారానికొకసారి దినపత్రికలో ధరలు చూస్తే చాలు. నష్టపోయినా సరే, కారణం చక్కగా రాసిన బిడ్డకే మొదటి బహుమతి ఇవ్వండి.

తల్లిదండ్రులారా! బిడ్డ ఎంత గెలిచాడని కాదు, ఏం తెలుసుకున్నాడని అడగండి. అల్లాహ్ మన పిల్లలకు హలాల్ సంపాదన, దాన్ని గుర్తించే వివేకం ప్రసాదించుగాక! ఆమీన్.