ఫస్టు పేజీ గ్యారంటీ: ఎవడి పేజీ, ఎవడి గ్యారంటీ?

పెరట్లో లంకెబిందెలున్నాయి, ఓ నల్లకోడీ పదివేలూ ఇస్తే తవ్వి తీస్తానని ఊళ్ళోకొచ్చే మంత్రగాడికీ, నెలకింతని పుచ్చుకుని మీ దుకాణాన్ని గూగుల్ ఫస్టు పేజీలో కూర్చోబెడతానని ఫోన్ చేసేవాడికీ నాకు పెద్ద తేడా కనబడదు. మంత్రగాడు కనీసం ఒక్కసారే వసూలు చేస్తాడు. ఫస్టు ర్యాంకు గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే తన సొంత పేజీల్లో రాసిపెట్టింది. డబ్బు తీసుకుని మామూలు ఫలితాల్లో పైకి తెచ్చే పని అది చెయ్యదు, ప్రకటనల లెక్క వేరు. అయినా ఈ వ్యాపారం కరీంనగర్ దాకా, నిర్మల్ దాకా పాకింది. పాకనిచ్చింది మనమే. మనమంటే సాఫ్ట్‌వేర్ జనాలం. తిట్లు ముందు వాళ్ళకి, తర్వాత మనకి.

మా చిన్నాయినకి కరీంనగర్‌లో వెండి దుకాణం ఉంది. ఫిలిగ్రీ పని చేసే నాలుగిళ్ళ వాళ్ళ సరుకు ఆయన దగ్గరికే వస్తుంది. ఒక కంపెనీ (పేరెందుకు లెండి, ఇలాంటివి వీధికొకటి) నెలకి 12 వేల చొప్పున ఎనిమిది నెలలు తీసుకుంది. అంటే 96 వేలు. ఆ దుకాణంలో వెండి పళ్ళేలు ఎన్ని అమ్మితే అంత మిగులుతుందో నన్నడక్కండి, ఆయన్నడిగితే ఇంకా ఉడుక్కుంటాడు. “ఫస్టు పేజీల వచ్చింది బిడ్డా, సూపిచ్చిండ్రు. గని ఒక్క ఫోన్ రాలే” అన్నాడు.

వచ్చింది నిజమే. ఏ మాటకి వచ్చిందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. దుకాణం పేరు, దాని పక్కన వీధి పేరు, దాని పక్కన కరీంనగర్, చివర్న వెండి సామాన్లు. అంత పొడుగు మాట ఈ భూప్రపంచంలో టైప్ చేసేవాళ్ళు ఇద్దరే, రిపోర్టు తయారుచేసినవాడూ, అది చదివిన మా చిన్నాయినా. గ్యారంటీ కిటుకు మొత్తం ఇదే. ఎవరూ వెతకని మాట ఎంచుకుంటే పోటీయే ఉండదు. ఒక్కడే పరిగెత్తే పందెంలో ఫస్టు రావడానికి కాళ్ళు కూడా అక్కర్లేదు.

ఇక ఆ రిపోర్టులో రెండో ఘనకార్యం, 400 లింకులు. ఎక్కడెక్కడివో పనికిమాలిన డైరెక్టరీలు, రష్యావో ఏవో అడ్రసులు. 1998లో పేజ్, బ్రిన్ పేజ్‌ర్యాంకు ఆలోచన బయటపెట్టినప్పుడు లింకంటే ఒకరి మీద ఒకరికున్న గౌరవం. దాన్ని జనం కిలోల్లెక్కన అమ్మడం మొదలెట్టాక గూగుల్ 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చి అలాంటి సైట్లని కిందికి తొక్కింది. అంతకుముందే, 2006 ఫిబ్రవరిలో, జర్మనీ బీఎండబ్ల్యూ సైటునే దొంగ పేజీలు పెట్టినందుకు ఫలితాల్లోంచి తీసేసింది. అంత పెద్ద కంపెనీనే బయటికి నెట్టినవాళ్ళకి మన వెండి దుకాణం ఒక లెక్కా? మూడో ఘనకార్యం మెటా కీవర్డ్స్ నింపడం. ర్యాంకింగుకి ఆ ట్యాగుని అసలు చూడట్లేదని గూగుల్ 2009 సెప్టెంబర్‌లోనే ప్రకటించింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా దానికి బిల్లేస్తున్నారంటే వాళ్ళ ధైర్యానికి దణ్ణం పెట్టాలి.

వీటన్నిటికంటే నాకు ఒళ్ళు మండింది వేరే ఉంది. డొమైను ఆ కంపెనీ పేరు మీద రిజిస్టరయి ఉంది. గూగుల్ మ్యాప్స్‌లో కనబడే బిజినెస్ ప్రొఫైల్ (2021 దాకా దాని పేరు గూగుల్ మై బిజినెస్) ఓనరుగా వాళ్ళ ఈమెయిలే ఉంది. దుకాణం మా చిన్నాయినది, బోర్డు వాళ్ళది! డబ్బులు ఆపగానే పాస్‌వర్డులూ ఆగిపోయాయి. నిజానికి ప్రొఫైలు ఓనర్‌షిప్ కోసం గూగుల్‌కే అర్జీ పెట్టుకోవచ్చు, దుకాణం మీదేనని రుజువు చేస్తే ఇస్తారు. మేమదే చేశాం, చేతికొచ్చింది. డొమైను సంగతి అలా కాదు, రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే వాడిదే.

సరే, ఇప్పుడు మన సంగతి. ఈ కంపెనీ రాకముందు ఆ సైటు కట్టింది మా చుట్టాల్లో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడే. ప్రేమగా, ఉచితంగా కట్టాడు. హోం పేజీలో గిరగిరా తిరిగే అయిదు ఫొటోలు, పైన గ్రాఫిక్కు, మొత్తం జావాస్క్రిప్టు. పేజీ సోర్సు తెరిచి చూస్తే ఒక్కటంటే ఒక్క వాక్యం లేదు. దుకాణం పేరు బొమ్మలో, ఫోన్ నంబర్ బొమ్మలో, వస్తువుల పేర్లు బొమ్మల్లో. ఏ పేజీ టైటిల్ చూసినా ‘హోం’ అనే ఉంది. మన ఆఫీసులో ఇలాంటి పని చేస్తే కోడ్ రివ్యూలో చీల్చి చెండాడతాం. బాబాయి దుకాణమైతే మాత్రం ‘చాల్లే’ అనుకుంటాం.

ఈ రోగం మనకి కొత్తది కాదు. 2000ల్లో ఈనాడు, వార్త లాంటి పత్రికల సైట్లు తమ సొంత ఫాంట్లలో ఉండేవి గుర్తుందా? మనిషి కంటికి తెలుగే, మెషీనుకి మాత్రం చెత్త అక్షరాలు. ఫైర్‌ఫాక్సులో పద్మ అనే పొడిగింత పెట్టుకుని వాటిని యూనికోడ్‌లోకి మార్చుకుని చదివేవాళ్ళం. అన్నేళ్ళ తెలుగు వార్తలు సెర్చికి దొరక్కుండా పోవడానికి కారణం ఆ ఫాంట్లే. యూనికోడ్ వచ్చి గెలిచింది అనుకుంటే, ఇప్పుడు మళ్ళీ ప్రతి దుకాణంవాడూ అను ఫాంట్లలో పోస్టరు చేయించి, దాన్ని బొమ్మగా వాట్సాప్‌లోనూ సైటులోనూ పెడుతున్నాడు. బొమ్మలోని అక్షరాలు చదవడం మెషీన్లకి ఇప్పుడు కొంత వచ్చుగానీ, నేరుగా టెక్స్టు రాయగలిగినప్పుడు ఆ పరీక్ష దానికి పెట్టడం దేనికి?

మరి చిన్న దుకాణానికి ఎస్ఈఓ అంటే నేర్చుకోవాల్సింది ఎంత? నా లెక్కలో నాలుగు ఆదివారాలు. గూగుల్ దీనికోసమే ఒక స్టార్టర్ గైడు 2008 నుంచి ఉచితంగా ఇస్తోంది. అందులో మూడొంతులు ఇంగితజ్ఞానమే. కష్టమంతా మిగతా చోట ఉంది, ఏం రాయాలి అన్న దగ్గర. అక్కడ కంపెనీ వాడికంటే, నాకంటే, మా చిన్నాయినకే ఎక్కువ తెలుసు. కీవర్డ్ రీసెర్చ్ అని దానికో బ్రహ్మపదార్థం పేరు పెట్టారు గానీ, ఫోన్‌లో గిరాకీలు ఏమడుగుతారో అదే కీవర్డు. ఆ ముక్క చెప్పగానే ఆయన గడగడా చదివేశాడు. “వెండి ఎన్ని తులాలు పడ్తది, నల్లవడ్తదా, అమెరికా పంపిస్తరా, యాభై మెమెంటోలు గావాల్నంటే ఎన్ని దినాలు వడ్తది... దినాం గివే అడుగుతరు. గివి రాస్తె సరిపాయె?” సరిపాయె చిన్నాయినా! ఆ నాలుగు ప్రశ్నలకి నాలుగు పేజీలు, ఆయన చెప్పిన జవాబులే. 96 వేల రిపోర్టులో ఇవి ఒక్కటి కూడా లేవు.

ఇంకా లోతుకెళ్తే ఇందులో ఉన్నంత సరుకు ఎక్కడుంది చెప్పండి. వెండిని కమ్మచ్చులోంచి లాగి లాగి సన్నటి తీగ చేయడం, తీగలు మెలేసి వంపులు తిప్పడం, మందపాటి తీగతో కట్టిన చట్రంలో ఆ వంపుల్ని నింపడం, వెలిగారం వేసి టంకం పెట్టడం. ఈ పనికి 2007లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. కటక్ తారకసికి అదే గుర్తింపు వచ్చింది 2024లో, అంటే పదిహేడేళ్ళ తర్వాత. ఇప్పుడు మీరే ‘వెండి ఫిలిగ్రీ’ అని ఇంగ్లీషులో వెతికి చూడండి, కటక్ గురించి ఎంత రాసి ఉందో, కరీంనగర్ పనివాళ్ళు తమ గురించి తాము రాసుకున్నది ఎంత దొరుకుతుందో. కటక్ వాళ్ళ మీద నాకేం కుళ్ళు లేదు, పేరు నిలబెట్టుకున్నారు. మన దగ్గర జీఐ సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకుంటే పనైపోయిందనుకున్నాం. వెతికేవాడికి పనివాడి పేజీ దొరక్కపోతే మధ్యవర్తి పేజీ దొరుకుతుంది. ధర వాడు పెడతాడు, పనివాడికి కూలి మిగులుతుంది. ఆ కూలి చూసే ఆ ఇళ్ళల్లో పిల్లలు తీగ పట్టుకోనంటున్నారు.

నిర్మల్ బొమ్మలదీ అదే కథ. పొనికి చెక్క, రంపపు పొట్టూ చింతగింజల పొడీ కలిపిన ముద్ద, ఆ రంగులు, ఇదంతా ఆ పనిచేసే నకాషీ వాళ్ళ నోట్లో ఉంది. అమ్మే సైట్లలో మాత్రం ‘చేతితో చేసిన అందమైన చెక్క బొమ్మ’ అని ఒక్క లైను. అదే లైను కింద చైనా బొమ్మయినా అమ్మొచ్చు. పైగా అడ్రసుల గందరగోళం ఒకటి. 2014లో రాష్ట్రం మారింది, 2016 అక్టోబర్ 11న జిల్లాలు మారాయి. ఆదిలాబాద్ నాలుగు ముక్కలై నిర్మల్ సొంత జిల్లా అయింది. ఇప్పటికీ చాలా పేజీల్లో ‘నిర్మల్, ఆదిలాబాద్ జిల్లా, ఆంధ్రప్రదేశ్’ అనే ఉంటుంది. దుకాణం పేరు, అడ్రసు, ఫోను అన్ని చోట్లా ఒకేలా ఉంటేనే అది ఒకే దుకాణమని మెషీనుకి నమ్మకం కుదిరేది. కానీ వెతికే ఎన్నారై మాత్రం తన చిన్నప్పటి జిల్లా పేరే కొడతాడు. ఆదిలాబాద్ డోక్రాకి 2018లో జీఐ వచ్చింది ఆ పాత పేరు మీదే, చేసేవాళ్ళలో కొందరి ఊళ్ళు ఇప్పుడు ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్నాయి. కాబట్టి అడ్రసులో కొత్త జిల్లా, కింద ఒక వాక్యంలో పాత జిల్లా. ఇంత చిన్న విషయం చెప్పడానికి ఊరు తెలిసినవాడు కావాలి.

అన్నట్టు, మన జాతికి ఇష్టమైన సంగతి ఒకటి. ‘కరీంనగర్’ని సున్నాతో రాస్తే ఒక కోడ్‌పాయింట్ల వరస, ‘కరీమ్‌నగర్’ అని పొల్లుతో రాస్తే మరో వరస, మధ్యలో కంటికి కనబడని ఒక నాన్-జాయినరు కూడా. మన కంటికి ఊరొక్కటే. సెర్చి ఇంజను రెంటినీ కలపొచ్చు, కలపకపోవచ్చు, పేజీలో ఒక్కో చోట ఒక్కోలా ఉంటే నష్టం లేదు. యూఆర్ఎల్‌లో మాత్రం తెలుగు పెట్టకండి. ఒక్కో కోడ్‌పాయింటు యూటీఎఫ్-8లో మూడు బైట్లు, పర్సెంట్ ఎన్‌కోడింగులో తొమ్మిది క్యారెక్టర్లు. కరీంనగర్ అన్న ఒక్క మాటే 72 క్యారెక్టర్ల కొండవీటి చాంతాడవుతుంది, అది వాట్సాప్‌లో వస్తే వైరస్సనుకుని ఎవరూ నొక్కరు :)

దీనికి నా ఆఫీసు మిత్రులు చెప్పే అభ్యంతరాలు నాకు కంఠతా వచ్చు. మొదటిది, ఎస్ఈఓ చిల్లర విద్య, ఇంజనీర్ల పని కాదు. సరిగ్గా ఈ కులగర్వం వల్లే ఆ ఖాళీలోకి మంత్రగాళ్ళు వచ్చారు. ఎవరికి ఏం కావాలో కనుక్కుని, దానికి జవాబు మెషీనుకీ మనిషికీ అర్థమయ్యేలా రాయడం చిల్లర పనైతే మనం చేసే డాక్యుమెంటేషను ఏమవుతుంది? రెండోది, ఇప్పుడంతా ఏఐ, వెబ్‌సైట్లు ఎవడు చూస్తాడు అని. 2024లో గూగుల్ మన దేశంలో కూడా ఫలితాల పైన ఏఐ జవాబులు పెట్టింది, నిజమే. క్లిక్కులు తగ్గుతాయనే భయంలో కూడా అర్థముంది. అయితే ఆ ఏఐ, కరీంనగర్‌లో యాభై మెమెంటోలకి ఎన్ని రోజులు పడుతుందో కలగని చెప్పాలా? ఎవరో ఒకరు ఎక్కడో రాసి ఉండాలి. మూడోది మాత్రం ఒప్పుకుంటాను, అందరికీ సైటు అక్కర్లేదు. వీధి చివర కిరాణా కొట్టుకీ, టైలరుకీ బిజినెస్ ప్రొఫైలూ, సరైన టైమింగులూ, నాలుగు నిజమైన ఫొటోలూ చాలు. వాళ్ళకి సైటు కట్టి ఎస్ఈఓ అంటగట్టేవాడు కూడా ఆ మంత్రగాడి తమ్ముడే. దూరం నుంచి కొనేవాడున్న సరుక్కే ఈ తంటా అంతా.

మా చిన్నాయిన సైటు కొత్త డొమైనులో మళ్ళీ కట్టాం, ఏడాదికి వెయ్యి లోపే అయింది. సెర్చ్ కన్సోల్ ఆయన ఫోన్‌లో, ఆయన ఈమెయిలుతోనే పెట్టాం. ‘ఫిలిగిరి’ అని తప్పు స్పెల్లింగుతో వెతికేవాళ్ళున్నారని దాన్ని చూసి పట్టుకున్నది ఆయనే. అద్భుతాలేం జరగలేదు, మూడు నెలలకి హైదరాబాద్ నుంచి ఒక కాలేజీ మెమెంటోల కోసం ఫోన్ చేసింది, డల్లాస్ నుంచి ఒకావిడ కుంకుమ భరిణెలు అడిగింది. పాత డొమైను ఇంకా ఆ కంపెనీ చేతిలోనే ఉంది. దుకాణం పేరు కొడితే ఇవాళ్టికీ అదే పైనొస్తుంది, కింద ఎవరిదో ఫోన్ నంబర్‌తో.