కుక్క దురదకు మందు కుక్క ఒంటి మీదనే లేదు

ఇంట పెంచుకొనే కుక్క రాత్రింబవళ్ళు గోకుకొంటూ ఉంటే మనవారు చేసే మొదటి పని 'గజ్జి పట్టింది' అని తీర్పు చెప్పడం. రెండవ పని, చేతికందినదేదో పూయడం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో కిరసనాయిలు, వాడి పారవేసిన ఇంజను నూనె, పైరుకు చల్లే పురుగుమందు పూసిన కుక్కలను నేను చూశాను. వీటితో గుణం కనిపించకపోతే మూడవ పని, ఆ మూగజీవిని వీధిలోకి తరిమివేయడం. ఈ పద్ధతి మారవలెనన్నది నా అభిప్రాయం.

దురద వ్యాధి కాదు, లక్షణం మాత్రమే. తోక మొదట, నడుము మీద, తొడల వెనుక వెంట్రుకలు రాలి చర్మం ఎర్రబడితే మిన్నల్లులను అనుమానించాలి. ఇవి ముదురు గోధుమ వన్నెతో పలుచగా ఉండి, వేలు తగలగానే వెంట్రుకల నడుమ పరుగెత్తి దూకుతాయి. చెవులలో, కాలివ్రేళ్ళ సందులలో కదలక కరచుకొని, రక్తం త్రాగి ఉబ్బేవి పిడుదులు. చెవి అంచులు, మోచేతులు పొక్కులు కడితే నిజంగానే గజ్జి కావచ్చు. అది కంటికి కనబడని పురుగు వలన కలిగేది, మనుషులకూ అంటుకొనేది.

తేల్చుకోవడానికి సులభమైన పరీక్ష ఉన్నది. తడిపిన తెల్లగుడ్డ పరచి, దానిపై కుక్కను నిలిపి పేల దువ్వెనతో దువ్వండి. రాలిన నల్లని నలుసుల చుట్టూ గుడ్డ ఎర్రబడితే అది మిన్నల్లి విసర్జించిన రక్తమే. నల్లరేగడి మట్టి అయితే ఎర్రబడదు.

చరక సంహితలోని విమాన స్థానం క్రిములకు మూడు విధాల చికిత్స చెప్పింది: అపకర్షణం, ప్రకృతి విఘాతం, నిదాన పరివర్జనం. అనగా క్రిమిని పట్టి తీసివేయడం, అది పెరిగే పరిస్థితిని చెరచడం, దాని కారణాన్ని దూరం చేయడం. మనం మాత్రం మూడింటినీ విడిచి పూతలనే పట్టుకొన్నాము.

మిన్నల్లి కుక్క మీద ఉంటూ రోజుకు 40 వరకు గ్రుడ్లు పెడుతుంది. అవి కుక్క ఒంటి మీద నిలువక పడక గోనెలోనికి, అరుగు మీదికి, కడప బండల సందులలోనికి జారిపోతాయి. అక్కడ పొదిగిన పిల్లపురుగులు వెలుతురుకు వెరచి చీకటి మూలలలో పెరుగుతాయి. గూడు కట్టుకొన్న దశలో నెలల తరబడి కాచుకొని ఉండగలవు. కుక్క ఒంటి మీద ఎన్ని పూసినా, ఇంట ఉన్న ఈ సంతతి మరల దాని మీదికే ఎక్కుతుంది.

కనుక మన సీమ ఎండయే మొదటి ఔషధం. తేమ లేని వేడిలో పిల్లపురుగులు బ్రతుకవు. వారానికి రెండు మార్లు పడక గుడ్డలను వేడినీటిలో ఉతికి మండుటెండలో ఆరవేయండి. బండల సందులను ఊడ్చి, ఆ చెత్తను తగులబెట్టండి. ప్రతిదినం దువ్వి, చిక్కిన పురుగులను సబ్బు నీటిలో వేయండి. వానలు పడి గాలిలో తేమ పెరిగే రోజులలో మరింత జాగ్రత్త వహించండి. కనీసం మూడు నెలలు మానకుండా చేస్తేనే ఫలితం.

మరి వేపాకు మాటేమిటని అడుగుతారు. చల్లార్చిన వేపాకు కషాయంతో కడిగితే కొంత ఉపశమనం కలుగవచ్చు. అంతకు మించి ఆశించరాదు. మనుషులకు చెప్పిన యోగాలన్నీ కుక్కకు పనికిరావు. ఏనుగులకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదం, గుర్రాలకు శాలిహోత్రుని శాస్త్రం వేరువేరుగా ఉన్నవంటే, ఏ ప్రాణి ప్రకృతి దానిదేనని పూర్వులు ఎరుగుదురు. కుక్క తన ఒంటికి పూసినదంతా నాకుతుంది. కర్పూరం దానికి విషం. వెల్లుల్లి, ఉల్లి దాని రక్తకణాలను చెరుస్తాయి. సీతాఫలం గింజల పొడి కంటిలో పడితే కన్ను దెబ్బతింటుంది. ఒకప్పుడు ఇంటింటా చల్లిన బి.హెచ్.సి. పొడిని మన దేశంలో 1997లోనే నిషేధించారు. పాత డబ్బాలు అటక మీద ఉంటే వాటి జోలికి పోకండి.

ఇది కుక్క ఒక్కదాని బాధ కాదు. మిన్నల్లిని మ్రింగిన కుక్కకు బద్దెపురుగు పడుతుంది. ఆటలలో ఆ మిన్నల్లి నోట బడితే పసిపిల్లలకూ అంతే. మిన్నల్లులు దండిగా పట్టిన కుక్కపిల్ల రక్తం తరిగి చనిపోవచ్చు. పిడుదుల వలన జ్వరం, రక్తస్రావం కలిగించే వ్యాధి వస్తుంది. చిగుళ్ళు పాలిపోయినా, మేత మానినా, పుండ్లు చీము పట్టినా ఇంటి వైద్యం అక్కడితో ఆపి పశువైద్యుని కలవండి. ప్రొద్దుటూరులో 2008 నుండి పశువైద్య కళాశాలయే ఉన్నది. ఫిప్రోనిల్ చుక్కలు, అఫాక్సోలానర్ బిళ్ళలు వంటివి కుక్క బరువును బట్టి వైద్యుడు నిర్ణయించవలసినవి. పశువులకు వాడే మందును అంచనాతో కలిపి పోయరాదు.

గృహవైద్యాన్ని అభిమానించే వారమే దాని హద్దును ముందుగా చెప్పాలి. చెప్పకపోతే నష్టపోయేది నోరు లేని జీవి. ఇల్లు కాచినదానికి ఇంటిని శుభ్రంగా ఉంచడమే మనం తీర్చుకోవలసిన ఋణం.