గాలీ నీరూ ఎరుగని శాస్త్రం

ఫెంగ్‌షుయి అన్న మాటకు చైనీయుల భాషలో అర్థం ‘గాలి–నీరు’. ఆ రెండింటినే పేరుగా పెట్టుకున్న విద్య, గాలి చేతా నీటి చేతా ఇంతగా దెబ్బతిన్న మా ఉద్దానానికి వచ్చి, గోడలకు ఏ రంగు వెయ్యాలో చెప్పి డబ్బు పుచ్చుకుని పోతున్నది. నా అభ్యంతరం ఆ వ్యాపారం మీద.

పలాస–కాశీబుగ్గ బజారులోనూ, టెక్కలిలోనూ కానుకల దుకాణాలు చూడండి. బొజ్జతో నవ్వే బుద్ధుడు, నోట నాణెం కరుచుకున్న మూడుకాళ్ళ కప్ప, గాలిగంటలు, గాజుగిన్నెలో ‘అదృష్టపు వెదురు’. ఆ బొజ్జ బుద్ధుడు శాక్యముని కాడు, పదో శతాబ్దపు చైనా సన్యాసి బుదాయి. ఆ వెదురు వెదురే కాదు, డ్రసీనా జాతి మొక్క, దాని పుట్టిల్లు ఆఫ్రికాలోని కామెరూన్ ప్రాంతం. ‘ఉద్యానవనం’ అన్న మాటే ఉద్దానమయిందని పెద్దలంటారు. కొబ్బరి, పనస, జీడిమామిడి పెరట్లోనే పెరిగే చోట, కొయ్య మూలకం లోపించిందని రెండు ఆఫ్రికా కొమ్మలు కొనుక్కోవడాన్ని ఏమనాలో మిత్రులే చెప్పాలి.

ఇక రంగుల పట్టిక. ఉత్తరం నీటిది, కనుక నలుపో నీలమో. దక్షిణం అగ్నిది, ఎరుపు. తూర్పు కొయ్యది, ఆకుపచ్చ. పడమర లోహానిది, తెలుపు. నడుమ మట్టి, పసుపు. వినడానికి ముచ్చటగానే ఉంది. కానీ ఈ ఇళ్ళన్నీ ముందు మన వాస్తు ప్రకారం కట్టినవి. వాస్తులో ఈశాన్యం నీటిది, ఆగ్నేయం అగ్నిది. చైనా పట్టికలో ఈశాన్యం మట్టిది, ఆగ్నేయం కొయ్యది. పైగా మట్టి నీటిని అణచివేస్తుందని వారి సిద్ధాంతం. వాస్తు మాట విని ఈశాన్యంలో నుయ్యి తవ్వించి, ఫెంగ్‌షుయి మాట విని ఆ మూలకే పసుపు పూయించినవాడు రెండు శాస్త్రాలకూ దక్షిణ చెల్లించి రెండింటినీ తగవు పెట్టినవాడయ్యాడు. ఇది చాలదన్నట్టు, లిన్ యున్ అనే ఆచార్యుడు 1980లలో అమెరికాలో వ్యాప్తిలోకి తెచ్చిన శాఖ దిక్సూచినే పక్కన పెట్టి, వాకిట్లో నిలబడి మూలలు లెక్కపెడుతుంది. ఒకే ఇంటికి ఇద్దరు సలహాదారులు వస్తే ధనమూల రెండు చోట్ల తేలవచ్చు!

న్యాయంగా ఒక మాట చెప్పాలి. పాత చైనాలో ఈ విద్యకు నేలను చూసే చూపు ఉండేది. వెనుక కొండ ఉంటే చలిగాలి ఆగుతుంది, ముందు ఏరు ఉంటే పొలం పండుతుంది. ఆ చూపు మనవాళ్ళకూ ఉంది. మన తీరంలో బెస్తవారు కట్టుకున్న చుట్టిళ్ళే సాక్ష్యం. గుండ్రని మట్టిగోడ, శంకువులా తాటాకు కప్పు, దాదాపు నేలను తాకే చూరు. ఏ వైపునుంచి వచ్చిన గాలైనా ఆ కప్పు మీదుగా జారిపోతుంది. ఆ ఇంటికి అసలు మూలలే లేవు. ధనమూల ఎక్కడని అడిగితే ఏ సలహాదారు జవాబు చెప్పగలడు? గోడకు వేసే సున్నానికీ కారణముంది, ఎండను తిప్పికొడుతుంది, బూజును అరికడుతుంది.

ఆ చూపు పోయి పట్టిక మిగిలింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది, గంటకు 140–150 కిలోమీటర్ల వేగంతో. కొబ్బరితోటలు, జీడితోటలు పెనుగాలికి నేలకూలాయి. మళ్ళీ నాటిన కొబ్బరి కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. అటువంటి నేల మీద ఇల్లు కట్టేవాడు అడగవలసింది రేకులను దూలాలకు ఎలా బిగించారని, లింటెలు పట్టీ ఇల్లంతా చుట్టివచ్చిందా అని. గుమ్మానికి గాలిగంట ఎన్ని గొట్టాలతో ఉండాలని కాదు.

నీటి సంగతి ఇంతకంటే బాధాకరం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళను కూల్చిందో లోకమెరుగును. భూగర్భజలంలోని సిలికా, లోహాలు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఎండలో పనివల్ల ఒంట్లో నీరు ఇంకిపోవడం... శాస్త్రజ్ఞులు అన్నిటినీ పరీక్షించారు. కారణం ఇదొక్కటేనని మాత్రం తేల్చలేదు. తెలియని దాన్ని తెలియదనడం వారి నిజాయితీ. సలహాదారుకు ఆ ఇబ్బంది లేదు. చైనా పట్టికలో మూత్రపిండాలు నీటి మూలకానికి చెందినవి, వాటి దిక్కు ఉత్తరం. ఇంకేం, ఉద్దానానికి అచ్చంగా సరిపోయే సరుకు!

నాకు తెలిసిన ఒక ఇంట్లో యజమాని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్తాడు. ఉత్తరపు గోడ ఎర్రగా ఉండటం చేత నీటిచోట అగ్ని చేరిందని ఒక సలహాదారు తేల్చాడు. గోడకు నీలం పూశారు, కింద చేపలతొట్టె పెట్టారు. ఆ ఇల్లాలు జీడిపిక్కలు ఒలిచి, ఆ నూనెకు చేతులు నల్లబడి సంపాదించిన సొమ్ము అందుకు ఖర్చయింది. తాగేది మాత్రం ఆ బోరునీళ్ళే. పెద్దకొడుకు నడుం నొప్పంటున్నాడు. అతనికి ఇంతవరకు రక్తపరీక్ష చేయించలేదు.

“ఎవరి నమ్మకం వారిది, మీకేం నష్టం?” అని అడిగే మిత్రులకు ఇదే నా జవాబు. ఆ నమ్మకానికి వెల ఉంది, అది మందులకు పోవలసిన సొమ్ములోంచి వస్తున్నది. అంతకంటే పెద్ద నష్టం, తప్పు ఇంటివాడి మీదికి వస్తుంది. జబ్బుకు కారణం తన గోడేనని నమ్మినవాడు మంచినీళ్ళ కోసం ఎవరినీ నిలదీయడు. వంశధార నీటిని హిరమండలం నుంచి గొట్టాల ద్వారా తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయంటే, ఏళ్ళ తరబడి జనం అడిగారు కనుకనే. ఏ చేపలతొట్టె వల్లా కాదు.

రంగుల మీద నాకు పగ లేదు. నచ్చితే ఉత్తరానికి నీలమే వేసుకోండి, నచ్చింది కనుక వేసుకోండి. కానీ డబ్బాకు డబ్బిచ్చే ముందు ఇంట్లో అందరికీ క్రియాటినిన్ పరీక్ష చేయించండి, బిందెలోకి వచ్చే నీరు ఎక్కడిదో కనుక్కోండి, కప్పు మేకులు ఒకసారి తట్టి చూడండి. మిగిలిన డబ్బుతో రంగు కొనండి.