భానుమతి గారి మూడు భాషలు

పిల్లలూ, మహానటి అనగానే అందరూ సావిత్రి గారినే తలుచుకుంటారు. నన్నడిగితే ముందు భానుమతి గారి గురించి తెలుసుకోండంటాను. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో 1925లో పుట్టారు. 1939లో 'వరవిక్రయం'తో సినిమాల్లోకి వచ్చారు. తన పాటలు తనే పాడుకునేవారు. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడింట్లోనూ తనే డైరెక్ట్ చేశారు!

ఇక్కడ సింగపూర్‌లో మీలో చాలామంది బడిలో తమిళమో హిందీయో చదువుతున్నారు కదా. "మళ్ళీ తెలుగు కూడా ఎందుకు టీచర్?" అని మొన్న ఒక బాబు అడిగాడు. మనసు చివుక్కుమంది. మా అమ్మాయి కూడా నాకు ఇంగ్లీషులోనే జవాబిస్తుంది మరి! భానుమతి గారు మద్రాసులో ఉంటూ, తమిళ సినిమాలు చేస్తూనే, 'అత్తగారి కథలు' మాత్రం తెలుగులో రాశారు. వాటిలో ఆవకాయ కథ ఒకటుంది. ఈ ఆదివారం అమ్మమ్మకి ఫోన్ చేసి చదివించుకోండి. అర్థం కాని చోట ఆపి అడగండి, ఏం ఫర్లేదు.